రాజావారి పుల్లీ

కొమరగిరి రాజావారికి ఒక పందెం కారుండేది. అది ఇంకా జోరుగా ఉరకాలని వారు స్వహస్తాలతో దాని ఇంజనుకు బెల్టు తిప్పే కొత్త చక్రం, అదే పుల్లీ, బిగించారు. ఆనాటి నుంచి కారు ఊరి పొలిమేర దాటేలోగా ఫ్యాను బెల్టు జారిపోవడం, గాలి తగలక ఇంజను కుతకుత ఉడకడం. పుల్లీ వంకరగా కూర్చుందని దివాణంలో అందరికీ తెలుసు. చెప్పే గుండె ఎవరికీ లేదు. రాజావారు మాత్రం బెల్టు ఎక్కించిన ప్రతి మేస్త్రీనీ ఊళ్లోంచి వెళ్లగొడుతూ వచ్చారు.

చివరికి పిండిమర నడిపే నూకాలమ్మను పిలిపించారు.

"ఈసారి జారిందంటే నువ్వూ మూట సర్దుకో" అన్నారు.

రోజంతా బెల్టులతో వేగే మనిషి కాబట్టి, తొంగిచూడగానే ఆమెకు సంగతి బోధపడింది. బెల్టు తీసి, కళ్లకద్దుకుని, రాజావారి ముందు పట్టింది.

"బాబుగారూ, తమరి చేతులు బిగించిన పుల్లీ మీద మా మొరటు చేతులు ఎక్కించిన బెల్టు ఎలా నిలుస్తుంది? ఇదీ తమరే ఎక్కించండి."

దివాణమంతా భేష్ అంది. ఇక కాదనడానికి లేదు. జారితే అప్రదిష్ట తనదే గనక, రాజావారు మొదటిసారి వంగి, ఒక కన్ను మూసి, పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత పానా అడిగి, కొత్త పుల్లీని సరిచేసి బిగించారు.

కారు పొలిమేర దాటి వెళ్లి, చల్లగా తిరిగొచ్చింది.

రాజావారు ఆమెను పక్కకు పిలిచారు. "వంకర సంగతి నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు బాబూ. నేను చెబితే నేను పోదును. తమరు చూశారు, వంకర పోయింది."