ఎర్రయ్య తెప్ప

కృపావరం మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పరు, మైక్రోస్కోపు ముందుకు కుర్చీ జరిపి కూర్చోమంటారు. పెద్దాసుపత్రి పాథాలజీ గదిలో పాతికేళ్లుగా ఆయన కింద గాజు పలకలకు రంగులు వేస్తున్నవాణ్ణి, నాకిది కొత్త కాదు. ఆ రోజు పీజీ చదివే నీలవేణి కళ్లనీళ్లతో వచ్చింది.

"సార్, ఎర్రయ్యది చిన్న క్యాన్సర్ గడ్డే కదా! కాలేయంలోంచి మొత్తం తీసేశారు. ఆరు నెలలకే ఊపిరితిత్తులకు ఎలా పాకింది?"

మాస్టారు నా చేత ఎర్రయ్య గడ్డ ముక్క ఉన్న పాత పలక తెప్పించారు. కాలేయ కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంది, ఈ-కాడ్హెరిన్ అని. అది ఉన్నచోట మా రంగుకు కణం చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. ఎర్రయ్య గడ్డలో గీతే లేదు.

"రంగు ఎక్కలేదనుకుని పక్కన పెట్టేశాను సార్."

"అంచుకు జరుపు."

జరిపింది. అంచున మిగిలిన మంచి కాలేయంలో గీతలు నిక్షేపంగా ఉన్నాయి. రంగు ఎక్కింది, గడ్డలోని కణాలే పట్టు వదిలేశాయి. నీలవేణి పలకను మళ్లీ గడ్డ మీదకు జరిపి చూసింది. నా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. "మీ రంగు చెడింది" అని ఆనాడు ఆమె అంటే ఒళ్లు మండి, మాట్లాడకుండా ఊరుకున్నాను. అంచు కూడా చూడమ్మా అంటే నా సొమ్మేం పోయేది? గడ్డ పాకే రకమని తెలిసి ఛాతీ స్కాన్ అప్పుడే తీయించేవారు.

ఇంతలో ఎర్రయ్య భార్య పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. సముద్రం మీద వేట చేసుకునే కుటుంబం. వేట అయ్యాక తెప్ప తాళ్లు విప్పి దుంగలు ఎండబెట్టుకోవడం వాళ్ల పద్ధతి.

"డాట్రమ్మా, రిపోర్టిచ్చినప్పుడు ఇంకేటీ భయం నేదు, ఏటకెల్లొచ్చని నువ్వే సెప్పినావు కదా. ఈయన లెగుత్తాడని తెప్ప కట్టే ఉంచినాను. దుంగలు పుచ్చిపోతన్నాయి తల్లీ. ఇప్పేయమంటావా?"

నీలవేణి మాస్టారి వైపు చూసింది. మాస్టారే లేచి దగ్గరకు వెళ్లారు.

"విప్పేయమ్మా," అన్నారు.

పోలమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మాస్టారు పలక తీసి నీలవేణి చేతిలో పెట్టారు. నా వైపు కూడా ఒకసారి చూశారు.

"మనం దుంగలు కొలిచాం," అన్నారు. "తాడు చూడలేదు."