గవరమ్మ పిండిమర, మునసబు గారి రేడియో

రేవుపాలెంలో మునసబు కామేశం గారి పాత రేడియో ఉన్నట్టుండి గుయ్‌మని రొద పెట్టసాగింది. తన రేడియో పాడయిందని ఒప్పుకోవడం ఆయనకి నామోషీ. అందుకని తప్పంతా గవరమ్మ పిండిమర మీదికి తోశాడు.

"నీ మర రొద కరెంటు తీగల్లోంచి వచ్చి నా రేడియోలో దూరుతోంది. వార్తల వేళకి ఆపెయ్యి" అన్నాడు.

ఆమె ఆపేసింది. రొద మాత్రం తగ్గలేదు.

"దొంగచాటుగా తిప్పుతున్నావు. రేపట్నించి మర మూసెయ్యి" అన్నాడాయన.

ఒట్లు పెట్టీ పెట్టీ గవరమ్మ విసిగిపోయింది. మర మూస్తే ఆమెకి ఇల్లు గడవదు. ఆ సాయంత్రం మర తిప్పే తోలు బెల్టు ఊడదీసి, భుజాన వేసుకుని, కాళ్లీడ్చుకుంటూ మునసబు గారి అరుగు దగ్గరికి వచ్చింది. వార్తల కోసం ఊరంతా అక్కడే ఉంది.

"అయ్యగారూ, ఇది లేకపోతే మర తిరగదు. వార్తలయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి."

"ఇప్పుడు వినండర్రా, ఎంత శుభ్రంగా పలుకుతుందో!" అంటూ ఆయన బెల్టు ఒళ్లో పెట్టుకుని దర్జాగా రేడియో పెట్టాడు.

రేడియో గుయ్‌మంది.

"మర బెల్టు మీ ఒళ్లోనే ఉంది కదా అయ్యగారూ," అంది గవరమ్మ నీరసంగా, "మరి ఇప్పుడు తిప్పుతున్నది మీరేనా?"

అరుగంతా గొల్లుమంది. కామేశం గారు తల దించుకుని, పట్నం నుంచి రేడియో మెకానిక్కుని పిలిపించమన్నాడు. గవరమ్మకి నవ్వే ఓపిక కూడా లేదు. బెల్టు తీసుకుని వెళ్లి, మర ముందు పేరుకుపోయిన గింజల డబ్బాల్లో మొదటిది అందుకుంది.