అయ్య ఉండగా తీసిన మీసం

దాలయ్య గురువుగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని, వదులైనవాటిని ఒక్కొక్కటే బిగించుకుంటూ కూర్చుంటారు. మా భాగవతం మేళంలో చేరిన కొత్తల్లో ఆయనకి చెముడేమో అనుకున్నాను కూడా.

ఆ రోజు అడిగినవాడు లక్షుంనాయుడు. మా మేళంలో ఆడవేషాలూ మగవాళ్ళమే కడతాం. వాడి గొంతూ నడకా చూసి గురువుగారు ఆ ఏడు అమ్మవారి పండక్కి వాడికి నాయిక వేషం ఇచ్చారు. అదీ వాడి సొంత ఊళ్ళో! వేషానికి మీసం తియ్యాలి. తియ్యడమెలా? మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. పైగా వాడి తండ్రి అప్పలసూరినాయుడు వీధిలోకి వస్తే ఆయన కంటే ముందు ఆయన మీసం కనిపిస్తుంది. "మీసం తీసిననాడు నా గుమ్మం తొక్కకు" అని కొడుక్కి ముందే చెప్పేశాడు.

"గురువుగారూ, అయ్య బతికుండగా మీసం తీస్తే అయ్యని కాదన్నట్టేనా?" అన్నాడు లక్షుంనాయుడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేషం వదులుకుంటే నేర్చుకున్న విద్య పోతుంది, కడితే ఇల్లు పోతుంది.

గురువుగారు చేతిలోని గజ్జె బిగించడం పూర్తిచేశారు. "తీసేసి, ముందు మీ అయ్యకి మొహం చూపించిరా. తరవాత అడుగు" అన్నారు. నన్ను తోడు పంపారు.

పండగనాడు మధ్యాహ్నం ఇద్దరం ఊళ్ళోకి వెళ్ళాం. వీధి మొదట్లోనే వాడి మేనత్త ఎదురైంది. మేనల్లుడి నున్నటి పెదవి చూసింది, నెత్తిమీద తట్ట కింద పారేసింది.

"ఓలమ్మో! మా అన్న ఎల్లిపోనాడ్రో! పండగపూటే పోనాడ్రో!" అని గుండెలు బాదుకుంది.

వీధి వీధంతా బయటికొచ్చింది. అందరి వెనకా తువ్వాలు భుజాన వేసుకుంటూ అప్పలసూరినాయుడు పరిగెత్తుకొచ్చాడు. "ఎవులే పోనారు?" అని చెల్లెల్నే అడిగాడు.

నవ్వొకపక్క, భయమొకపక్క, నా ప్రాణం పోయింది. ఆవిడ ఏడుపు ఆపి అన్నని చూసింది. ఆయన కొడుకుని చూశాడు. లక్షుంనాయుడు తల దించుకున్నాడు.

"అయ్య బతికుండగానే తీసీసినాడు, సిగ్గులేనోడు" అన్నారెవరో జనంలోంచి.

ఆ మాటతో నాయుడి మొహం మారిపోయింది. కొడుకుని తిట్టే హక్కు తనకొక్కడికే ఉందనుకునే మనిషాయన. "ఎవడ్రా ఆ కూసింది?" అని గర్జించి, క్షౌరాలు చేసే అప్పన్నని కేకేశాడు. "ఓరప్పన్నా, నీ కత్తులపెట్టి అట్టుకురా!" అరుగుమీద కూర్చుని మొహం పైకెత్తాడు. అప్పన్న కత్తి నూరుతూనే ఉన్నాడు.

"తియ్యరా! అయ్యా కొడుకూ కలిసి అమ్మోరికి మొక్కుకున్నాం. ఎవులికేటి నొప్పి?"

ఎవరికీ నొప్పి లేదు. మేనత్త మాత్రం మళ్ళీ ఏడ్చింది, ఈసారి మీసం కోసం. నాయుడు లోపలికెళ్ళి, కొడుక్కి అన్నం పెట్టమని కేకేశాడు.

దీపాలు పెట్టేవేళకి ఆట మొదలైంది. లక్షుంనాయుడు తెరమీదుగా జడ విసిరి, మొదటి పాట ఎత్తుకునేసరికి జనం వెర్రెత్తిపోయారు. ఊపిరి తీసుకోడానికి తెరవెనక్కి వచ్చినప్పుడు వాడు మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడైనా సెప్పండి గురువుగారూ. నాను తప్పు సేసినానా?"

గురువుగారు తెర అంచు కొంచెం పక్కకి జరిపారు. ముందువరసలో నాయుడు పక్కవాడి డొక్కలో పొడిచి, "మావోడే" అంటున్నాడు. రెండో చేత్తో బోడి పెదవిమీద, లేని మీసాన్ని మెలేసుకుంటున్నాడు.

"మీ అయ్య చెయ్యి ఎక్కడుందో చూడు" అన్నారు గురువుగారు.