వ్యాను కింద పూత

జోగినాథం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, అడిగినవారికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఉప్పు మడుల అంచున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో పనులకు కొదవ ఉండేది కాదు.

ఒకనాటి ఉదయం చిదంబరం ఆయన ముందు కూర్చున్నాడు. బడిపంతులు ఉద్యోగం చాలించుకుని వచ్చిన శిష్యుడు.

"గురువుగారూ, అమ్మ పోయినప్పుడు మా తమ్ముడు పార్వతీశం రాలేదు. ఏడేళ్లుగా వాడితో మాటల్లేవు. మొదట్లో పేరు వింటేనే ఒళ్లు మండేది. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. కోపం పోయినట్టేనా?"

ఆయన సముద్రం వైపు చూశారు. "రేపు మన వ్యాను కొండ ఊళ్లకు వెళ్లి గర్భిణులను ఆసుపత్రికి దించుకురావాలి. ఈ ఉప్పుగాలికి కింద బ్రేకు పైపులు తుప్పు పడుతున్నాయట. పూత వెయ్యి నాయనా," అన్నారు.

పూత తయారు చెయ్యడం వ్యాను నడిపే నరసమ్మ నేర్పింది. తేనెమైనాన్ని నూనెలో సన్నని సెగ మీద కరిగించాలి. "ముందు ఇనప బ్రష్షుతో తుప్పంతా గీకండి బాబూ. రబ్బరు గొట్టాలకీ, చక్రాల దగ్గర డిస్కులకీ ఇది అంటనివ్వకండి," అని చెప్పి ఆమె భోజనానికి వెళ్లింది.

చిదంబరం చాప పరుచుకుని వ్యాను కిందికి దూరాడు. తేనె వాసన. మడుల్లోని నీటి మీంచి లేచిన వెలుగు వ్యాను అడుగున అలలు అలలుగా కదులుతోంది. తాను నేల మీద ఉన్నాడో, ఏ లోతు నీటి అడుగునో తేలుతున్నాడో తెలియనట్టుగా ఉంది. ఇనప బ్రష్షు కీచుమన్నప్పుడల్లా ఆ హాయి చెదిరిపోయేది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి అతను బ్రష్షును పక్కన పెట్టేశాడు. అక్కడ పైపు కాస్త గోధుమరంగు తిరిగింది, అంతే. దాని మీదే కుంచె నడిపాడు. పైపు బంగారు తీగలా మెరిసింది. చాలా కాలానికి అతని మనసు నిశ్చలంగా ఉంది.

పక్కన ఇసుక కదిలింది. జోగినాథం గారు పంచె ఎగగట్టి, ముసలి ఒంటిని మెల్లగా వాల్చి, అతని పక్కనే పడుకున్నారు. పైపు పొడవునా వేలితో తడుముతూ వచ్చి వెనక చక్రం దగ్గర ఆగారు.

"ఇక్కడ గీకు."

"పూత చక్కగా పట్టిందండీ. పాడైపోతుందేమో."

ఆయన బ్రష్షు అందించారు. చిదంబరం గీకాడు. మైనం పోయింది, గోధుమరంగు పెచ్చులుగా రాలింది. నాలుగోసారికి లోపలి నుంచి ఒక చుక్క ఊరి అతని మణికట్టు మీద పడింది. తర్వాత ఇంకొకటి. బ్రేక్ ఆయిల్.

అతనికి కొండ దారి కళ్ల ముందు కదిలింది. వ్యానులో కూర్చోబోయే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పెట్టుకున్న చేతులు. చుక్క ఊరుతున్న చోటును అతను వేలితో నొక్కిపట్టాడు. ఆ చేతిని ఆయన చాలాసేపు పట్టుకునే ఉన్నారు.

నరసమ్మ టెక్కలి వెళ్లి మెకానిక్కును వెంటబెట్టుకొచ్చింది. అతను కొత్త పైపు బిగించాడు. మిగిలిన పైపులన్నీ చిదంబరం వెలుతురు ఉండగానే లోహం కనబడేదాకా గీకి, మళ్లీ పూశాడు. ఈసారి ఎక్కడా తడి ఊరలేదు.

చేతులు కడుక్కుని వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

"గురువుగారూ, పొద్దున నేను అడిగినదానికి..."

జోగినాథం గారు సముద్రం మీది నుంచి చూపు తిప్పారు.

"మీ పార్వతీశం ఊరికి మొదటి బస్సు ఎన్నింటికి నాయనా?"