ముసురు పట్టిన ఏడు

“స్వామీ, ఎవరి పంటా పాడవాలని నేను కోరుకోలేదు. కాని కోతల వేళ వాన పడిందంటే, నా గోదాములోని సరుకుకు ధర పెరుగుతుందని మనసు లోలోపల సంబరపడుతుంది. ఇది పాపమేనా?”

అడిగినవాడు ఈశ్వరయ్య, నంద్యాలలో జొన్నల వర్తకుడు. గురువుగారు అతన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. సన్యాసం పుచ్చుకోకముందు ఆయనదీ అదే వ్యాపారం. అప్పటి పేరు గురవశెట్టి. ఆ రోజులు గుర్తుకొచ్చి ఆయన ముఖం మెత్తబడింది.

అప్పట్లో ధరలు ఫోనులో కనిపించేవి కావు. పంట సంగతి తెలియాలంటే చేల వెంట తిరగవలసిందే. కంకులు పాలుపోసుకునే రోజుల్లో గురవశెట్టి ఎద్దులబండి మీద నల్లరేగడి చేలన్నీ చుట్టివచ్చేవాడు. గింజ నలిపి చూసి, ఆ ఏడు ధర ఎటు పోతుందో అంచనా కట్టేవాడు. ఎక్కడ ఆగినా ఆగకపోయినా, ఓబులమ్మవ్వ చేను దగ్గర మాత్రం ఆగేవాడు. ఆమె పచ్చికంకులు కాల్చి, నలిచి, చేటలో చెరిగి, వేడి వేడి గింజల్లో ఇంత బెల్లం కలిపి పెట్టేది. “అంత కమ్మటి తిండి మళ్ళీ తినలేదు ఈశ్వరయ్యా,” అన్నారు గురువుగారు.

ఒక ఏడు సరిగ్గా కోతల ముందు నాలుగు రోజులు ముసురు పట్టింది. చేలమీదే గింజ నల్లబడింది. గురవశెట్టి కొట్లో పాత జొన్నలు రెండు వందల బస్తాలు తెల్లగా, ముత్యాల్లా ఉన్నాయి. నష్టం ఎంత ఎక్కువైతే, ధర ఇంకా పెరిగేదాకా అంతకాలం సరుకు అమ్మకుండా ఆపవచ్చు. అది తేల్చుకోవడానికే బండి కట్టించాడు. దారి పొడుగునా నల్లకంకులు చూస్తూ హుషారుగా వెళ్ళాడు.

ఓబులమ్మవ్వ అతన్ని చూడగానే కూర్చోమని కంబళి పరిచి, చేలోకి దిగింది. గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికి, ఆలస్యంగా ఈనిన పచ్చికంకులు నాలుగు తెచ్చి కాల్చింది. దోసెడు గింజలు కూడా కాలేదు. అన్నీ అతని చేతిలోనే పోసింది.

“పంటంతా పోయింది కదవ్వా, ఇప్పుడివెందుకు?” అన్నాడు గురవశెట్టి.

“పోతే మాత్రం? చేను కాడికొచ్చినోడివి ఉత్తచేతుల్తో పోతావా నాయనా?” అంది అవ్వ. మంట ఆర్పుతూ అడిగింది: “నీ కొట్లో పాత గింజలు తడవలేదు కదా?”

“లేదవ్వా.”

“చల్లని మాట చెప్పినావు. ఊరికి తిండి ఉండాదిలే,” అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

గురవశెట్టి మిగతా చేలు చూడకుండానే బండి వెనక్కి తిప్పించాడు. మర్నాడే కొట్టు తలుపులు తీసి, ముసురుకు ముందటి ధరకే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ జొన్నలు కొలిపించాడు. ఆఖరి బస్తా అవ్వ ఇంటికి తనే మోసుకెళ్ళాడు.

ఈశ్వరయ్య, “ఆ తరవాత మీ మనసులో అలాంటి సంబరం మళ్ళీ రాలేదు కదా స్వామీ?” అని అడిగాడు.

“రాకేం, చాలా ఏళ్ళు వచ్చింది,” అన్నారు గురువుగారు. “వచ్చినప్పుడల్లా లేచి చేలల్లోకి వెళ్ళి, పంట పోయినవాళ్ళ పక్కన కూర్చునేవాణ్ణి.”