పొట్టేళ్లు పట్టేవాళ్ల జట్టు

పూర్వం ఒక కొండరాజ్యంలో గొర్రెల కాపరుల పచ్చికబయలు మీద దళపతి భైరవుడి కన్ను పడింది. తన గుర్రాలకు అది కావాలన్నాడు. చెడుగుడులో గెలిచినవారిదే బయలన్నాడు రాజు. దళపతి ముందుగానే రాజ్యంలోని పేరుమోసిన కూతగాళ్లను ఏడుగురినీ లాగేసుకున్నాడు.

కాపరుల పెద్ద బీరన్న బెదరక, పారిపోయే పొట్టేళ్లను కాళ్లు పట్టి ఆపే ఆరుగురు మోటు మనుషులనూ, పేరులేని కూతగాణ్ణి ఒక్కణ్ణీ ఎంచుకున్నాడు.

"ఇదా నీ జట్టు?" అని దళపతి పకపకా నవ్వాడు.

ఆటలో దళపతి మనుషులు కూతకొచ్చిన వాళ్లు వచ్చినట్టే చిక్కారు. బీరన్న కూతగాణ్ణి పట్టడం మాత్రం వాళ్లలో ఒక్కరికీ చేతకాలేదు.

"ఎలా గెలిచావయ్యా?" అన్నాడు రాజు.

"కూతకు వెళ్లేది ఒక్కడే కదా ప్రభూ! దళపతి దొరగారు ఏడుగురినీ ఆ కూత కోసమే తెచ్చారు. మిగతా ఆరుగురూ ఏం చెయ్యాలో నేను ఆలోచించాను."

రాజు దళపతి వైపు తిరిగి, "గుర్రాలకు గడ్డి వేరేచోట చూసుకో" అన్నాడు.