మిణుగురు పాపను కాపాడిన బుర్రావారు

బుర్రావారికి తమ తెలివంటే మహా గర్వం. "ఇంటిపేరులోనే బుర్ర పెట్టుకున్నాం, ఇంక తలలో వేరే ఎందుకు?" అనేవాడు ఇంటిపెద్ద పేర్రాజు. భార్య మంగాయమ్మా, బావమరిది గవర్రాజూ ఔనంటే ఔననేవారు. తలలో ఉందని నేనూ ఎప్పుడూ అనలేదు లెండి.

పేర్రాజు కూతురు వరాలు మాత్రం అన్నం ముట్టడం మానేసింది. ఊళ్ళో డేరా హాల్లో 'మిణుగురు పాప' అనే బొమ్మల సినిమా ఆడుతోంది. అందులో బడికెళ్ళే పిల్ల చేతిగాజు తిప్పితే చాలు, రెక్కలొచ్చి మంత్రాలేస్తుందట. అది చూడందే ముద్ద దిగదని పిల్ల ఏడుపు. పాపం, ఆ ఏడుపు పెద్దవాళ్ళు చూడలేకపోయారు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆటకి నలుగురూ బయల్దేరారు.

గేటు దగ్గర టికెట్లు చింపే సోములు కేకేశాడు. "బేగి రండి, బొమ్మ పడిపోతోంది!"

ఇంకేముంది! "అయ్యో, పసిపిల్ల!" అంటూ గవర్రాజు పైపంచె లాగాడు. బావా బావమరిదీ చెరో కొసా పట్టుకుని తెర కింద నిలబడ్డారు.

"కూర్చోండయ్యా!" అని జనం గోల.

"పడితే మీరు పట్టుకుంటారా?" అన్నాడు పేర్రాజు.

సోములు తల బాదుకుంటూ వచ్చి వాళ్ళని బెంచీ మీద కుదేశాడు. "ఇందులో నాలుగు కథలున్నాయి. దేనికదే వేరు. గొడవ చెయ్యకుండా చూడండి."

"నలుగురం, నాలుగు కథలు. తలా ఒకటి. ఇంక గొడవేముంది?" అని పేర్రాజు పంచేశాడు. తనకి మొదటిది, భార్యకి రెండోది, బావమరిదికి మూడోది, పిల్లకి చివరిది. ఒకరి వంతు ఒకరు చూస్తే దొంగతనమని మిగతావాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"నాన్నా, పాప ఏం చేస్తోంది?"

"ఇది నా పాపే. నీ పాప ఇంకా రాలేదు, నోర్మూసుకో."

రెండు కథలయ్యాక తెర మీద 'విశ్రాంతి' అని పడింది. మంగాయమ్మ కూడబలుక్కుని చదివింది. అంతే. చెప్పినమాట వినే మనుషులాయె, నలుగురూ నేలమీద పడుకుని గుర్రుపెట్టారు.

లేచేసరికి మూడో కథ అయిపోయింది. "నా కథ పోయింది!" అని గవర్రాజు బెంచీల కింద వెతుకుతూ భోరుమన్నాడు.

సోములుకి జాలేసింది. "రేపు వచ్చినా లాభం లేదు బాబూ. ఈ ఆట కాగానే బొమ్మ ఎత్తేస్తాం."

వరాలు బావురుమంది. "నాన్నా! పాపని ఎత్తుకుపోతారట!"

"మేముండగానా!" అని లేచాడు పేర్రాజు. ఇంకేముంది, తాళ్ళు కోసి, తెరని చాపలా చుట్టి, భుజానేసుకుని ఒకటే పరుగు. నాలుగో కథ వెంటపడిన సోములు బనీను మీద ఆడింది. వీళ్ళు వెనక్కి తిరిగితే ఒట్టు.

ఇంట్లో తెర విప్పారు. తెల్లగా ఉంది. "ఏదీ నా పాప?" అంది వరాలు.

పేర్రాజు బుర్ర గోక్కున్నాడు. "పిచ్చిదానా, విశ్రాంతి అని రాశారుగా. పడుకుంది."

సోములు రొప్పుతూ వచ్చేసరికి తెర ఉయ్యాల్లో ఉంది. మంగాయమ్మ ఊపుతోంది. గవర్రాజు జోల పాడుతున్నాడు.

"నా తెర ఇవ్వండ్రా బాబూ!"

వరాలు మూతి మీద వేలేసుకుంది. "అరవకు మావా, లేస్తుంది. నువ్వూ ఆ పక్కన కూర్చో. లేచాక నా కథలో నీకూ కొంచెం పెడతాను."